నోటి మీద వేలు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నోటి మీద వేలు గారికి,

ములుగు, మహబూబాబాద్ దిక్కు ఒకటో తరగతి టీచర్లు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమ క్షేమం వేరే అడగనక్కర్లేదు. ఏ బడికి పోయినా పిల్లలకన్నా ముందు తమరే హాజరు.

చిక్కల్లా కథల పీరియడ్‌తోనే. తండా పిల్లకు ఇంట్లో లంబాడీ, గూడెం పిల్లకు కోయ. బడి తెలుగే వాళ్లకు కొత్త. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చె. రెండు భాషలు పలకాల్సిన నోటికి తమరు కాపలా ఉంటే, నేర్చింది ఏ దారిన బయటికి రావాలో సెలవియ్యండి.

ఏడు చేపల కథే తీసుకుందాం. భాష కొత్తగా నేర్చేవాళ్లకు అంతకన్నా అనువైన కథ దొరకడం కష్టం. ప్రశ్న ఎప్పుడూ 'ఎందుకు' అనేదే. మారేవి పేర్లు: చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లోడు, చీమ. ఆవుకు, చీమకు బొమ్మ చాలు. గడ్డికి నిజం గడ్డే గుప్పెడు తేవాలి. ఎండుచేప మాత్రం తేవద్దు, కథ అయ్యేలోపు పిల్లి వస్తుంది. పిల్లలు చాప మీద అర్ధచంద్రంగా రెండు వరుసలు, పొట్టివాళ్లు ముందు. టీచర్ కిటికీకి వీపు పెట్టి కూర్చోవద్దు. వెనక వెలుతురుంటే ముఖమూ బొమ్మా రెండూ నల్లగా కనిపిస్తాయి. పది పన్నెండు నిమిషాలు చాలు.

అసలు పని ఆగడంలో ఉంది. 'చేపా చేపా ఎందుకు...' అని ఆగి, మనసులో నాలుగు లెక్కపెట్టాలి. చాలామందికి రెండు దగ్గరే ఓపిక అయిపోయి 'ఎండలేదు' అని తామే అనేస్తారు. నాలుగు దాకా ఆగితే వెనక వరుసలోంచి ఎవరో సగం మాట అంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. గుంపులో తప్పు ఎవరిదో తెలియదు కాబట్టి బెరుకు పిల్లలూ పెదవి కదుపుతారు. సరిగ్గా అప్పుడే తమరు దయచేస్తారు! ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథకు వంత పాడేవాళ్ల నోళ్ల మీద తమరిని కూర్చోబెడితే మల్లన్న పెళ్లి సగంలోనే ఆగిపోతుంది.

పైగా ఈ కథంతా ఒక వేలు చేసిన పనే కదా! పిల్లోడు పుట్టలో వేలు పెట్టకపోతే చీమ కుట్టదు, చీమ కుట్టకపోతే చేప ఎండుతుంది, ఇక చెప్పడానికి ఏముంది? తమ వంశంలో అంత ఘనులున్నారు. తమరేమో కుడి చేతిని ముఖానికి కట్టేసి, గడ్డి కోసే అభినయానికి కూడా చెయ్యి లేకుండా చేస్తిరి. మాట ఇంకా రాని పిల్ల మొదట చేతితోనే జవాబు చెబుతుంది. వారాల తరబడి మాట్లాడకపోయినా అడిగినప్పుడు ఆవును చూపిస్తే కథ వింటున్నట్టే.

చేపను చూసి ఒక తండా పిల్ల 'పాణి' అంటుంది. మందలించొద్దు. 'ఔ, నీళ్లు. చేప నీళ్లల్ల ఉంటది' అని కథలోనే కలిపేసి ముందుకు పోవాలి.

చీమ కుట్టే చోట ఒకటుంది: పక్కవాణ్ని గిల్లడం మొదలవుతుంది. ఎవరి చెయ్యి వాళ్లే గిల్లుకోవాలని ముందే చెప్పాలి. అయినా గోల మితిమీరితే తమరిని పిలవక్కర్లేదు. టీచర్ రెండు చప్పట్లు కొడితే పిల్లలు మూడు కొట్టాలి. వెంటనే తర్వాతి మాట గొంతు తగ్గించి చెప్పాలి.

మూడు రోజులూ ఇదే కథ. రెండో రోజు సగం మంది అడుగుతారు, సగం మంది జవాబిస్తారు. మూడో రోజు ఆవూ అవ్వా చీమా పిల్లలే. రోజూ అదేనా అని విసుక్కునేది పెద్దవాళ్లే.

తమ బంధువర్గానికీ ఒక మాట చేరవేయండి. తమ్ముడుగారు 'అర్థమైందా?' అడుగుపెట్టగానే తరగతంతా 'అయ్యింది సార్' అంటుంది, ఆయన సంతోషంగా వెళ్లిపోతారు. పెద్దన్నగారు 'ఇందులో నీతి ఏమిటి?' సంగతి చెప్పనే వద్దు. ఆరేళ్ల పిల్లకు చీమ దగ్గర వచ్చిన నవ్వు ఆయన రాగానే మాయం.

తమరిని ఉద్యోగం నుంచి తీసేయమని అడగడం లేదు. ఎంఈవో సార్ బండి గేటు దగ్గర ఆగినప్పుడు కబురు పెడతాం; నిశ్శబ్దంగా ఉన్నదే మంచి తరగతి అని ఆయన రిజిస్టర్‌లో రాసుకునేదాకా ఉండి, ఆయన పోగానే తమరూ దయచేయండి.

ఇట్లు,
చాప మీద కూర్చునే టీచర్లు