వడ చిల్లుకు ఒక గుమాస్తా విన్నపం

మహారాజశ్రీ వడ చిల్లు గారి సముఖానికి,

అనంతపురం నుంచి నమస్కరించి రాస్తున్నది. ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. తమరు క్షేమమా అని అడగాలంటే ముందు తమరు ఉన్నారో లేరో తేలాలి. అది తేల్చడంలోనే ముప్పై రెండేళ్ల ఉద్యోగం గడిచిపోయింది. పోయిన నెల శాలువా కప్పి ఇంటికి పంపారు.

నేను చేసిందేమిటో ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ తెలియదు. టోపాలజీ అంటే టోపీల శాస్త్రమా అని పెళ్లిచూపుల్లోనే మా మామగారు అడిగారు. అల్లుడు పెట్టింది టోపీయేనని ఈమధ్య ఆయన నిర్ధారణకు వచ్చారు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే నాది చిల్లులు లెక్కపెట్టే కొలువు. 1895లో ఫ్రెంచి గణితవేత్త పాంకరే తెరిచిన ఖాతా అది. వస్తువును సాగదీయవచ్చు, నలపవచ్చు, తెంచకూడదు, అతకకూడదు. ఎంత నలిపినా చెరగనిది తమరే. కాఫీ కప్పూ డోనట్టూ ఒకటేనని విదేశీ పుస్తకాల్లో రాస్తారు. వాళ్ల కప్పుకు చెవి ఉంది, చెల్లింది. మన హోటల్లో కాఫీ ఇచ్చే స్టీలు గ్లాసుకు చెవి ఏది? కాబట్టి మన గ్లాసు ఇడ్లీకి చుట్టం, వడకు కాదు. ఈ మాట ఏటా క్లాసులో చెప్పాను. మొత్తం మీద నవ్వినవాళ్లు నలుగురు.

తమరి పెత్తనం వంటింటితో ఆగితే బాగుండేది. రెండు సంఖ్యల వర్గాలు కలిపితే ఒకటి రావాలి అనుకుందాం. భిన్నాల్లో జవాబులు లెక్కలేనన్ని. వర్గాల బదులు నాలుగో ఘాతాలు పెట్టి చూడండి: మొత్తం నాలుగే, అవీ సున్నాతో, ఒకటితో సరిపెట్టుకున్నవి. ఎందుకింత పిసినారితనం? మైనస్ ఒకటికీ వర్గమూలం దొరికే సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్లి, అనంతం దగ్గరి బిందువులనూ కలుపుకుంటే (మన ఊరి అనంతం కాదు) మొదటి సమీకరణం బంతి అవుతుంది. రెండోది మూడు చిల్లుల వడ. చిల్లులు రెండుగానీ అంతకు మించిగానీ ఉంటే భిన్నాల్లో జవాబులు పరిమితమేనని 1922లో మోర్డెల్ అనే గణితవేత్త ఊహించాడు. 1983లో ఫాల్టింగ్స్ అనే మరో గణితవేత్త రుజువు చేశాడు. పిండి లేని చోటు అంకెలకు కళ్లెం వేస్తుందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సమీకరణాలను ఆకారాలుగా చూసే బీజగణిత జ్యామితిలో నేను పడ్డది ఆ గుంటలోనే.

పడ్డవాడిని పైకి రానివ్వనిది గణితవేత్త హాడ్జ్ వేసిన ప్రశ్న: అలాంటి ఆకారాల్లో తమరి లాంటి చిల్లుల లెక్కలో ఏవి సమీకరణాలతో గీసిన ముక్కల నుంచి వస్తాయి అని. ఆయన 1950లో లోకం ముందు పెట్టాడు, 2000లో దానికి పది లక్షల డాలర్ల బహుమతి కట్టారు. అందులో ఒక మూల, ఒక చిన్న సందర్భం మీద నేను నాలుగు వ్యాసాలు రాశాను. డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే భద్రంగా ఉంది.

ఏటా నింపే మదింపు ఫారంలో ‘సమాజానికి ప్రయోజనం’ అని ఒక గడి ఉండేది. ఖాళీగా వదిలితే వెనక్కి వచ్చింది. ఖాళీయే నా విషయమని రాసి పంపాను. ఆ ఏడు ఇంక్రిమెంటు కూడా విషయానికి తగ్గట్టే వచ్చింది. సౌష్ఠవాలను లెక్కగట్టే లై సమూహాల్లో ప్రపంచం ఎరిగిన గణితవేత్త ఎం.ఎస్. రఘునాథన్ 1941లో పుట్టింది ఈ ఊళ్లోనే అని పొరుగాయనకు గర్వంగా చెబితే, ‘ఏ పార్టీ?’ అన్నాడు.

గవ్వకు చిల్లి పడితే విలువ పోతుందని మనవాళ్ల లెక్క. వడకు పడకపోతే పోతుందని నిన్ననే చూశాను. మా వీధి చివరి హోటల్లో కొత్త కుర్రవాడు పొయ్యి దగ్గర నిలబడ్డాడు. అరచేయి తడుపుకున్నాడు, ఉద్దిపిండి ముద్ద పెట్టుకున్నాడు, బొటనవేలు ముంచడం మరిచి నూనెలోకి జారవిడిచాడు. పైన బంగారు రంగు. తుంచితే నడుమ తెల్లగా పచ్చిపిండి, వేళ్లకు అంటుకుంది.

యజమానికి చూపించాను. ఆయన ప్లేటు అటూ ఇటూ తిప్పి చూసి, ‘చిల్లు లేకపోతే ఏమైంది సార్, మీకు పిండి ఎక్కువే వచ్చింది కదా’ అన్నాడు.

ఇట్లు,
తమరి లెక్కలు రాసిన గుమాస్తా