గోడ మీద 1189 అని రాసుకుంటే సరిపోతుందా?

మొన్న మా బావ ఇంగ్లండ్‌లో నేనుండే నాటింగ్‌హామ్ వస్తే 'యే ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం' పబ్బుకి తీసుకెళ్లాను. తెల్లటి గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో 1189 అని ఉంటుంది. 'ఒరేయ్, ఎనిమిదొందల ఏళ్లు దాటిందిరా!' అంటూ దాని కింద నిలబడి ఫొటోలే ఫొటోలు, లోపలికి రావడానికే పావుగంట పట్టింది.

అసలు 1189 అంటే ఇంగ్లండ్ రాజు సింహహృదయ రిచర్డ్ గద్దెనెక్కిన ఏడాది. జెరూసలేం యుద్ధానికి పోయే సైనికులు ఇక్కడ ఆగి తాగి వెళ్లారని కథ, దానికి కాగితం ముక్క ఆధారం లేదు. ఇప్పుడున్న కట్టడం 1650 తర్వాతది, ఈ పేరు కనబడేదే 1799 నాటికి. అదే ఊళ్లో బెల్ ఇన్, సాల్యుటేషన్ అనే పబ్బులు కూడా మేమంటే మేమే పాత అని కొట్టుకుంటాయి, తీరా దూలాల్లో చెట్టు వలయాలు లెక్కేస్తే బెల్ ఇన్‌ది 1420 ప్రాంతం అని తేలింది. ఇంకో తమాషా, పబ్బు పేరు మొదట్లో ఉన్న ఆ 'యే' అసలు 'యే' కాదు, 'ది'! పాత ఇంగ్లిష్‌లో 'ద' శబ్దానికి వేరే అక్షరం ఉండేది, అది రానురాను 'వై'లా కనబడి ఇలా తయారైంది.

నా కోపం అబద్ధం మీద కాదు. ఆ అంకె చూసి మురిసిపోయేవాళ్లు పక్కనే ఉన్న అసలు వింతని చూడరు, అదీ నా బాధ. పబ్బు ఆనుకుని ఉన్న కోట కొండ మెత్తటి ఇసుకరాయి, పబ్బు గదులు కొన్ని ఆ కొండలోకే తొలిచారు. గోడ మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలి అరచేతికి సన్నటి ఇసుక అంటుకుంది. పైగదిలో గాజుపెట్టెలో దుమ్ము పట్టిన ఓడ బొమ్మ ఉంది, దాన్ని తుడిచినవాళ్లు చచ్చిపోయారంటారు, అందుకే ఎవరూ ముట్టుకోరట. (మా ఇంట్లో ఫ్యాన్లకీ ఇదే కథ చెప్పాలి.)

పైకప్పు నుంచి తాడుకి వేలాడే రింగుని ఊపి గోడ మీది ఎద్దు కొమ్ముకి తగిలించే పాత ఆట కూడా ఉంది. చూడ్డానికి పిల్లాట, పదకొండు సార్లు ఊపినా మా బావకి పడలేదు, పక్కన ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టకుండానే ఎడమ చేత్తో ఒక్క ఊపు, ఠక్.

ఇక రౌండ్ల పద్ధతి. ఇక్కడ ఎవరి బిల్లు వాళ్లు కట్టుకోరు, కౌంటర్ దగ్గరికెళ్లి వంతులవారీగా అందరికీ తేవాలి. మూడో రౌండ్ మా బావ వంతు, సరిగ్గా అప్పుడే ఆయనకి ఇండియా నుంచి ఫోన్ వచ్చింది.

రాత్రి చూస్తే స్టేటస్: '1189 నాటి పబ్బులో!' కింద '1650 తర్వాతది బావా' అని పెట్టాను. బ్లూ టిక్ పడింది, అంతే.