బాబాయి లెక్క, విమానం లెక్క

లెక్కల్లో మా బాబాయికి ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఉన్న ఒక్క పిన్నీ ఆ పని మానేసి చాలా కాలమైంది. ఇద్దరూ లండన్‌లో కూతురి దగ్గర ఉండగా ఆ పిల్లకి ఆఫీసు పని మీద న్యూయార్క్ ప్రయాణం పడింది.

టికెట్‌లో ఉదయం 11కి బయల్దేరి మధ్యాహ్నం 2కి దిగుతుందని ఉంది. "మూడు గంటలు" అని బాబాయి తేల్చేశాడు. దూరమేమో 5,550 కిలోమీటర్ల పైమాట. ధ్వని కంటే వేగంగా ఎగిరిన ఒకప్పటి కాంకార్డ్ విమానానికే మామూలుగా మూడున్నర గంటలు పట్టేది, అదీ 2003లో మూలపడింది. న్యూయార్క్ గడియారం ఐదు గంటలు వెనకుంటుందన్న సంగతి ఈయన తీసివేతలోకి రాలేదు.

రెండు దాటగానే ఫోన్ల మీద ఫోన్లు. స్విచాఫ్. టెన్షన్ ఆగక విమానాల జాడ చూపించే యాప్ తెరిస్తే, బుల్లి విమానం బొమ్మ సముద్రం మధ్యలో, గ్రీన్‌లాండ్ వైపు వంగిన గీత మీద కనబడింది.

"పడమరకి పోవాల్సింది ఉత్తరానికి పోతోందే! పైలట్ దారి తప్పాడు!"

పిన్ని కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చి, మనవడి గ్లోబు మీద లండన్ దగ్గర ఒక కొస, న్యూయార్క్ దగ్గర ఒక కొస పెట్టి బిగించి లాగింది. దారం జారి జారి ఐర్లాండ్, న్యూఫౌండ్‌లాండ్ మీదుగా నిలబడింది. గుండ్రటి భూమ్మీద అదే దగ్గరి దారి. బాబాయి దారం వైపు అనుమానంగా చూశాడు.

ఎనిమిది గంటల ప్రయాణం తర్వాత పిల్ల క్షేమంగా దిగింది. తిరుగు టికెట్‌లో సాయంత్రం 7కి ఎక్కి మర్నాడు ఉదయం 7కి దిగడం. బాబాయి ఈసారి ఐదు గంటల తేడా తీసేశాడు. ఏడు వచ్చింది. "వెళ్లడానికి ఎనిమిదైతే రావడానికి ఏడేంటి? దూరం తగ్గుతుందా? టికెట్ తప్పు. ఎనిమిదికి వెళ్దాం."

దూరం తగ్గదు. విమానాలు ఎగిరే ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ఉరుకుతుంటుంది. వెళ్లేటప్పుడు ఎదురు తోస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి నెడుతుంది. 2020 ఫిబ్రవరిలో ఓ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. పైగా టికెట్‌లో వేసే సమయం గేటు నుంచి గేటుకి. రన్‌వే దగ్గర క్యూ, ఆకాశంలో చక్కర్లు అన్నీ అందులోనే. అవేవీ లేని రోజున ముందే దింపేస్తారు.

ఆ రోజు గాలి బాగుంది. ఆరున్నరకే దిగిన పిల్ల, ఎవరూ రాకపోయేసరికి టాక్సీ ఎక్కి ఇంటికొచ్చింది. తలుపుకి తాళం. తాళంచెవులన్నీ ఎయిర్‌పోర్టులో, పూలగుత్తి పట్టుకుని నిలబడ్డ బాబాయి జేబులో.

"నాన్నా, మీరొచ్చేసరికి ఎంతసేపు పడుతుంది?"

"పాతిక కిలోమీటర్లమ్మా. గంటకి యాభై చొప్పున వేసుకుంటే..."

పిన్ని ఫోన్ లాక్కుంది.