‘శ్రుతి చేసుకోవడం మర్చిపోయారేమో’ అన్న మాస్టారికి

పొద్దున్నే మన మద్రాసు రసికుల గ్రూపులో ఎవరో హంగేరియన్ స్వరకర్త లిగెటి వయొలిన్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో సోలో వయొలిన్ వాయించే రచన) పెట్టారు. మాస్టారు రెండు నిమిషాలు విన్నట్టున్నారు, తీర్పు ఇచ్చేశారు: ‘ఆర్కెస్ట్రా వాళ్లు శ్రుతి చేసుకోవడం మర్చిపోయారేమో’. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. అబ్బో, ఏం చమత్కారం!

మర్చిపోలేదండీ, పనిగట్టుకుని అలా శ్రుతి చేసుకున్నారు. డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) ఆయన జి తీగను ఏడో వంతు దగ్గర నొక్కకుండా, వేలు ఆనీ ఆననట్టు ఉంచి కమాను లాగితే ఏడో హార్మోనిక్ (తీగ అసలు స్వరంలోనే దాగి ఉండే పై స్వరాల్లో ఒకటి) పలుకుతుంది. పియానో మీది ఎఫ్ స్వరం కంటే అది 31 సెంట్లు దిగువ (అరస్వరం అంటే 100 సెంట్లు). గుంపులో ఒక వయొలిన్ దానికి కలుపుకోవాలి. ఒక వయోలా (వయొలిన్‌కి కాస్త పెద్ద అక్క) ఐదో హార్మోనిక్‌కి కలుపుకోవాలి, అది పియానో స్వరం కంటే 14 సెంట్లు తక్కువ. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని పచ్చ లైటు వెలిగేదాకా బిరడాలు తిప్పారో, ఆ సంగీతం రంగు అంతా కడిగేసినట్టే. మిగతా వాళ్లు మామూలు శ్రుతిలోనే ఉంటారు, వాళ్లకీ వీళ్లకీ మధ్య రాపిడే అక్కడ సంగీతం.

ఇంతకీ ఐదో హార్మోనిక్ అంటే ఏమిటి మాస్టారూ? తంబురా మంద్ర తీగ మీటితే ఎవరూ మీటని గాంధారం పలుకుతుందే, అదే! మైలాపూరులో పలికితే స్వయంభువు, జర్మనీలోని కొలోన్‌లో పలికితే అపశ్రుతి. బాగుంది.

ఆ కొలోన్‌లోనే 1990లో ఈ కన్సర్టోని మూడు భాగాలుగా వాయించారు. లిగెటికి తృప్తి లేక మొదటి భాగం మళ్లీ రాసి, 1992కి ఐదు భాగాలు చేశాడు. రెండో భాగంలో సోలో వయొలిన్ జి తీగ మీద ఒంటరిగా ఎత్తుకునే పాట పసిపిల్లలైనా కూనిరాగం తీయొచ్చు. కాసేపటికి ఊదేవాళ్లు తమ వాద్యాలు పక్కన పెట్టి ఒకరినాలు అందుకుంటారు. తిరనాళ్లలో అమ్మే మట్టి ఈలకు పెద్దన్న లాంటిది. గట్టిగా ఊదితే శ్రుతి లేస్తుంది, మెల్లగా ఊదితే జారుతుంది. ఇద్దరి ఊపిరి ఒకటి కాదు కాబట్టి వణుకు తప్పదు. ఆ వణుకు కోసమే అవి పెట్టాడు. మాస్టారు అక్కడిదాకా వింటే కదా!

శ్రుతి మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. డిసెంబరు సీజన్‌లో వేదిక మీద తంబురా ఎందుకు? ఫొటోకా? దాని పక్కనే ఫోన్‌లో తంబురా యాప్. ఒకటి శ్రుతికి (పియానో మీది సి) మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి ‘స’, సుమారు 65 హెర్ట్జ్, ఆ ఫోన్ స్పీకరు జన్మలో పలికించలేదు. అసలు తంబురాకు బ్రిడ్జి మీద జీవాళి దారం వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, తీగ గుయ్యిమనేదాకా చూసుకోవాలి. ఏసీ హాల్లో పావుగంటకే తీగ మారుతుంది, మళ్లీ చూసుకోవాలి. ఆ ఓపిక ఎవరికుంది? 1940లో గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) పలకదని హార్మోనియాన్ని రేడియోలోంచి గెంటేసి 1971 దాకా రానివ్వలేదు. ఇప్పుడేమో మన ఉగాది కచేరీలో కీబోర్డు మీద గమకాలే ప్రాణమైన తోడి రాగం వాయిస్తే ఇదే మాస్టారు లేచి చప్పట్లు!

ముందు మీ సభలో ఆ యాప్ కట్టేయించండి మాస్టారూ. లిగెటి సంగతి తర్వాత చూద్దాం.