సవరణ: కమ్యూనిటీ కాలేజీ నుంచి ఇంజనీరింగ్‌లోకి

కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీలో) రెండేళ్లు చదివినవారికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోని ఏ క్యాంపస్‌లోనైనా ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో సీటు ఖాయమని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ట్యాగ్ అని పిలిచే ప్రవేశ హామీ డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకే పరిమితం. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలలో అది లేదు. హామీ ఉన్న ఆరింటిలో కూడా కొన్నిచోట్ల అన్ని బ్రాంచీలకూ అది వర్తించదు.

ముందుగా జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులన్నీ (ఏ బ్రాంచీ వారైనా చదవవలసిన సాధారణ కోర్సులు) ముగించమన్న నా సలహా ఇంతకంటే నష్టం చేసేది. యూనివర్సిటీకి బదిలీ కావడానికి 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు) కావాలన్నది నిజమే గానీ, ఇంజనీరింగ్ విభాగాలు ప్రధానంగా చూసేది కాల్‌క్యులస్ వరుస, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా, కాల్‌క్యులస్ ఆధారిత ఫిజిక్స్ పూర్తయ్యాయా అన్నదే. ఇవి ఒకదాని తర్వాత ఒకటి చదవవలసినవి కాబట్టి, కాల్‌క్యులస్‌కు ముందు చదివే ప్రీకాల్‌క్యులస్‌తో మొదలుపెట్టినవారికి రెండేళ్లు చాలకపోవచ్చు. ఈ సంగతి నేను అసలు ప్రస్తావించనే లేదు. ఏ కాలేజీ కోర్సును ఏ క్యాంపస్ దేనికి సమానంగా లెక్కిస్తుందో అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో, మొదటి సెమిస్టర్ నమోదుకు ముందే, చూసుకోవాలి.