తీగ ఎవరి చేతిలో?

గుండె లయ తప్పిన వారికి దూరం నుంచే, క్యాథెటర్ అనే సన్నని తీగను యంత్రంతో నడిపి చికిత్స చేస్తామని కార్పొరేట్ ఆస్పత్రులు చెప్పుకొంటున్నాయి. యంత్రం గొప్పతనం గురించి వినిపించినంతగా ఒక చిన్న ప్రశ్నకు జవాబు వినిపించడం లేదు. అనుకోనిది జరిగితే బాధ్యులెవరు? అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి బెంగళూరుకు బండెక్కే తెలుగు కుటుంబాల తరఫున ఈ ప్రశ్న అడగక తప్పదు.

గజ్జ దగ్గరి సిరలోంచి సన్నని తీగను గుండెలోకి పంపి, తప్పుడు విద్యుత్ సంకేతాలు పుట్టే చోటును కాల్చివేయడం కొత్తదేమీ కాదు. గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. దాన్ని రేపే సంకేతాలు చాలావరకు ఊపిరితిత్తుల సిరల దగ్గరే పుడతాయని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 1998లోనే చూపించారు. కొత్తగా మారింది తీగను నడిపే చేయి. వైద్యుడు మంచం పక్కన కాక అద్దం అవతలి గదిలో కూర్చుని, అయస్కాంతాలతోనో రోబో చేయితోనో దాన్ని కదిలిస్తాడు.

ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసపు ఆప్రాన్ బరువుకు నడుములు దెబ్బతిన్న వైద్యులకు ఇది ఊరటనీ, ఎక్స్‌రే కిరణాల బెడద తగ్గుతుందనీ, తీగ కొస నిలకడగా ఉంటుందనీ సమర్థించేవారు అంటారు. కాదనం. అయితే జబ్బు తిరగబెట్టకుండా చూడటంలో చేతితో చేసే చికిత్సను ఈ యంత్రాలు స్పష్టంగా మించిపోయాయని ఇప్పటిదాకా తేలలేదు. అలాంటప్పుడు యంత్రం ఖరీదును రోగి బిల్లులో ఎందుకు కలపాలో ముందు ఆస్పత్రులే చెప్పాలి.

అసలు భయం డబ్బు గురించి కాదు. కాల్చేటప్పుడు గుండె గోడకు చిల్లు పడితే, చుట్టూ ఉన్న పొరలో రక్తం నిండి గుండెను నొక్కేస్తుంది. అరుదే కావచ్చు, కానీ ఈ చికిత్స చేసే ప్రతి వైద్యుడికీ తెలిసిన ప్రమాదమిది. రక్తపోటు పడిపోతుంది. వెంటనే సూది గుచ్చి ఆ రక్తాన్ని లాగాలి, ఒక్కోసారి ఛాతీ తెరవాలి. తీగను నడిపే యంత్రం ఈ పని చేయలేదు. వైద్యుడు పక్కగదిలో ఉంటే నాలుగు అంగల్లో వస్తాడు. మరో ఊళ్లో ఉంటే? అప్పుడు ఆ సూది పట్టేదెవరు, వారికి ఆ అనుభవం ఎంత, పొరపాటు జరిగితే కేసు ఎవరి మీద?

ఇది ఊహ కాదు. 2018 డిసెంబరులో గాంధీనగర్‌లో కూర్చున్న వైద్యుడు 32 కిలోమీటర్ల దూరంలో, అహ్మదాబాద్‌లో ఉన్న రోగుల గుండె రక్తనాళాలకు రోబో సాయంతో చికిత్స చేశారు. అది లయ చికిత్స కాకపోయినా వేసిన బాట మాత్రం అదే. ఆ రోబో తయారీ సంస్థను 2019లో వైద్య పరికరాల కంపెనీ సీమెన్స్ హెల్తినీర్స్ కొన్నది. 2023లో గుండె చికిత్సల రోబో వ్యాపారం నుంచే తప్పుకొంటున్నట్టు ప్రకటించింది. యంత్రాలు వచ్చాయి, వెళ్లాయి. వైద్యుడు రోగి దగ్గర లేకపోయినా ఫరవాలేదన్న ఆనవాయితీ మాత్రం మిగిలింది. మొదట అద్దం అవతలికి, తర్వాత పొరుగూరికి, ఆపైన మరో రాష్ట్రానికి. ఒక్కో అడుగూ విజయంగానే వార్తల్లోకి ఎక్కుతుంది, మరుసటి అడుగుకు అదే సాకవుతుంది. ఎవరూ ఏ నిబంధనా రాయకుండానే ఆనవాయితీ చట్టంలా చలామణీ అవుతుంది.

చట్టం సంగతి చూడండి. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ (ఫోను, వీడియో ద్వారా వైద్యం) మార్గదర్శకాలు, దూరం నుంచి చేసే శస్త్రచికిత్సలు, శరీరంలోకి పరికరాలు పంపే చికిత్సలు తమ పరిధిలోకి రావని సూటిగా చెప్పి పక్కకు తప్పుకొన్నాయి. ఫోనులో దగ్గు మందు రాయడానికి పేజీలకు పేజీల నియమాలు ఉన్నాయి. గుండెలో తీగ తిప్పడానికి ఆ పత్రంలో ఒక్క నియమం లేదు. చికిత్స తీరు, ప్రత్యామ్నాయాలు, ముప్పు అన్నీ తెలిసి ఇచ్చినదే నిజమైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. ఆపరేషన్‌కు ముందు ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేసే రైతుకు, తీగ నడిపే వైద్యుడు ఏ గదిలో, ఏ ఊళ్లో ఉంటాడో తెలుసా? తెలియకుండా తీసుకున్న సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

వైద్య వృత్తిని నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ ఇంకా ఎవరి కోసం ఎదురుచూస్తోంది? ప్రాణం పోయి కోర్టు మొట్టికాయ వేస్తే తప్ప కలం కదలదా? ప్రైవేటు ఆస్పత్రులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే చట్టం 2007 నుంచి కర్ణాటక ప్రభుత్వం చేతిలోనే ఉంది. తీగ నడిపే వైద్యుడి పేరు, ఉండే చోటు, మంచం పక్కన బాధ్యత తీసుకునే వైద్యుడి పేరు రోగి భాషలో రాసి ఇవ్వని ఆస్పత్రికి ఈ చికిత్స చేసే అనుమతి ఉండకూడదని ఆదేశించడానికి ఆ ప్రభుత్వానికి ఏమి అడ్డొస్తోంది? ఆస్పత్రుల ప్రారంభోత్సవాల్లో రిబ్బను కత్తిరించడానికి వరుస కట్టే మంత్రులు, ఆ రెండు పేర్లు కాగితం మీద రాయించలేకపోవడం సిగ్గుచేటు.