నల్లాల లెక్క దొరికింది, నడుముల లెక్క ఏది?

ఐక్యరాజ్యసమితి పెట్టిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల ర్యాంకుల్ల 2025ల ఇండియా 167 దేశాల్ల 99వ జాగల నిలవడ్డది, మొదటిసారి వంద లోపలికి వచ్చినం అని మావోళ్ల గ్రూపులన్నిట్ల ఒకటే షేర్లు. నీతి ఆయోగ్ లెక్కల చూసినా 2018ల 57 ఉన్న దేశం మార్కు 2023-24కు 71 అయింది. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. కాకపోతే నల్గొండోడు ఆ 17 లక్ష్యాల్ల ముందుగాల చూసేది ఆరోదాన్ని. 2030 వరకు అందరికి మంచి నీళ్లు అన్నది అదే.

మంచిని మంచే అనాలె. మిషన్ భగీరథ వచ్చినంక మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు ఇంటింటికి కృష్ణ నీళ్లు వచ్చినయ్. ఇప్పుడు బడికి పోయే పోరగాళ్లు నవ్వితే పండ్లు తెల్లగ కనవడుతున్నయ్. మా ఈడోళ్లు పెండ్లి ఫొటోల గూడ పెదవులు బిగవట్టుకొనే నిలవడ్డరు, బోరు నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్‌కు మా పండ్లు గార పట్టినయ్, ఈ జిల్లాలోళ్లకు చెప్పే పనిలేదు. 2015ల రాష్ట్రంల 967 ఫ్లోరైడ్ ఆవాసాలు ఉంటే 2020 ఆగస్టు నాటికి ఒక్కటి లేదని కేంద్రమే చెప్పింది.

నా పంచాయితీ ఆ సున్నాతోని. ఆవాసానికి మంచి నీళ్ల పైపు వచ్చిందంటే ఆ ఊరు జాబితాలకెళ్లి పోతది. ఊళ్లె మనుషులు ఎట్లున్నరో అడిగే గడి ఆ కాగితంల లేదు. పండ్ల గార, ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ పైపు రాంగనే దిగిపోయే రోగాలు కావు. నీళ్లు మారితే కొత్తోళ్లకు రాదు, అంతే. వంగిన నడుము వంగినట్టే ఉంటది.

మా చిన్నాయనను ఎనకకెళ్లి పిలిచి చూడుర్రి. మెడ తిరగదు. కట్టె నేలకు ఆనిచ్చి, పాదాలు జర జర జరుపుకుంట మనిషికి మనిషే తిరుగుతడు, అప్పుడు గని మన మొఖం చూడలేడు. చేతుల బీడీ కింద పడితే ఇంకెవరన్న తీసియ్యాలె. వయసుల ఉన్నప్పుడు బత్తాయి తోటలకు కూలికి పోయి బోరు నీళ్లు తాగిన మనిషి. వికలాంగుల పింఛన్ 4,016 రావాలంటే సర్టిఫికెట్ల 40 శాతం ఉండాలె. తీస్కపోతే అక్కడి డాక్టరు "నడుస్తున్నవ్ గద తాతా" అని తక్కువ రాసిచ్చిండు. నడుస్తడు సారూ, కాదంటలేం. పండుకుంటే లేవడానికి ఇద్దరు పట్టాలె.

ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే 'నల్గొండ టెక్నిక్' అని నాగ్‌పూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ చేసిన పద్ధతికి ప్రపంచమంత పేరున్నది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే పద్ధతి. మా ఊరి పేరు పాఠ్యపుస్తకాలకు పోయింది, మేం ఇక్కడ బోరు నీళ్లే తాగినం. 1996 లోక్‌సభ ఎన్నికల, నీళ్ల కోసం కొట్లాడే జలసాధన సమితి పిలుపుతోని నల్గొండల మొత్తం 480 మంది బరిలకు దిగిర్రు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. దేశం ఏం జేసింది? ఆ ఏడే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. నీళ్లకు మాత్రం ఇంకో ఇరవై ఏండ్లు వట్టింది. మధ్యల 2004ల మా అక్కంపల్లి రిజర్వాయర్ కెళ్లి హైదరాబాదుకు కృష్ణ నీళ్లు పోయినయ్. పట్నపోళ్లు తాగొద్దని కాదు గని, ఆ పైపులు ఏ ఊర్ల పక్కకెళ్లి పోయినయో ఓసారి చూసుకోవాలె.

పొలాల సంగతి ఇంక వేరు. మాది గ్రానైట్ నేల, ఫ్లోరైడ్ రాయిలనే ఉన్నది. వాన తక్కువ, చెరువుల కింద సాగు తగ్గింది, రైతు బోరు మీద బోరు ఏసిండు. కాలువ నీళ్లొస్తే బోరు బాధ తప్పుతదని శ్రీశైలం కెళ్లి నీళ్లు తెచ్చే సొరంగం మీద ఆశ పెట్టుకుంటిమి. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, ఇరవై ఏండ్ల సంది తవ్వుతనే ఉన్నరు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపలనే చిక్కుకపోయిర్రు. వాళ్లు జార్ఖండ్, పంజాబ్, యూపీ, జమ్మూ కశ్మీర్ దిక్కోళ్లు. మా నీళ్ల కోసం వచ్చి పాణం ఇచ్చిర్రు.

ఇగ క్యాన్లు. ఇంట్ల నల్లా ఉండంగనే తాగేటందుకు, చాయకు క్యాన్ నీళ్లు, బోళ్లకు, బర్లకు నల్లా నీళ్లు. ఎందుకే అంటే "ఆ ట్యాంకు ఎప్పుడు కడిగిర్రో ఎవరికెరుక" అంటది మా అమ్మ. తప్పు ఆమెది అందామా? నల్లా ఉన్నది గనుక లెక్కల ఆ ఇల్లు పాసే. క్యాన్ నింపే ప్లాంటు చాలా ఊర్లల్ల బోరు మీదనే నడుస్తది. మంచి నీళ్లు క్యాన్లకు పోతే, ఫ్లోరైడ్ చిక్కగైన మిగతా నీళ్లు మోరీలకు పోతయ్. మోరీ కెళ్లి మళ్ల ఏడికి పోతయ్? భూమిలకే గద.

ఇప్పుడు పంచాయతీలకు గూడ కేంద్రం మార్కులు ఇచ్చింది. 9 అంశాలు, 435 సూచికలు, దాంట్ల 'జల సమృద్ధి' ఒకటి. 2025 ఏప్రిల్‌ల చెప్పిన లెక్కల ముందు వరుసల తెలంగాణవి 270 పంచాయతీలు ఉన్నయ్. సంబురమే. గని 2024 ఫిబ్రవరి సంది దాదాపు రెండేండ్లు ఊర్లకు సర్పంచే లేకుండె. సర్పంచు జాగల పెట్టిన ప్రత్యేకాధికారికి ఉన్న పది పనులల్ల ట్యాంకు కడుగుడు ఎన్నోదో ఆయనకే తెల్వాలె. లెక్కలు వద్దంటలేను, లెక్క లేకుంటే మమ్ముల అడిగేటోడే ఉండడు. ఏది లెక్కవెట్టాలన్నదే నా కొట్లాట.

కొత్త సర్పంచులొచ్చిర్రు గద, వాళ్లకు చెప్పేది ఇదే. పంచాయతీ గోడ మీద నెలకోసారి ట్యాంకు నీళ్ల ఫ్లోరైడ్ రీడింగ్ రాయించుర్రి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని అందరికి ఎరుకే. క్యాన్ ప్లాంటు రీడింగ్ గూడ పక్కనే రాయాలె. ఫ్లోరోసిస్ ఉన్న ముసలోళ్లను పేరు పేరునా రాసుకొని డాక్టర్లనే ఊరికి పిలిపియ్యుర్రి, తిరగరాని మనుషులను తిప్పకుర్రి.

ఈ పోస్టు కింద మా పార్టీ తెచ్చింది, మీ పార్టీ ముంచింది అని కొట్టుకునేటోళ్లు కొట్టుకోవచ్చు. దానికంటె ముందు మీ ఊరి ట్యాంకు రీడింగ్ ఎంతనో కామెంట్‌ల పెట్టుర్రి. తెల్వకపోతే రేపు పోయి కార్యదర్శిని అడిగి పెట్టుర్రి.